పచ్చబడితే అడవి కోలుకున్నట్టేనా?



పోయినేడు వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థినిగా వచ్చినప్పుడు నాచేత ఒక మొక్క నాటించారు. గొయ్యి ముందే తవ్వి సిద్ధంగా ఉంది. దాన్ని చూడగానే నవ్వు ఆపుకోలేకపోయాను. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కూడా అక్కడే, కొళాయిల వరస పక్కన, ఆ గొయ్యిలోనే ఒక మొక్క నాటాం. పదో తరగతిలో మళ్ళీ అక్కడే ఇంకొకటి నాటాం. ఫోటోలు దిగాం, చప్పట్లు కొట్టాం, వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి గొయ్యి ఒక్కటే మిగిలి ఉండేది.

ఆ రోజు నా పక్కన నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడిన ఏడో తరగతి చెల్లి ఒకతె, "అక్కా, మీరు చెట్ల గురించే చదువుతున్నారంట గదా. అడవిలో పెద్ద చెట్లు కొట్టేస్తే మళ్ళీ అవే మొలుస్తాయా?" అని అడిగింది. "ఎందుకు మొలవవమ్మా, మొలుస్తాయి" అన్నాను. ఆ పిల్ల సంతోషంగా వెళ్ళిపోయింది. తిరుగు బస్సులో కూర్చున్నాక నాకు మనసు నిలవలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ అందులో సగం నిజం కూడా లేదు. మిగిలిన నిజాన్ని ఈ సంచికలో చెప్పి ఆ చెల్లి బాకీ తీర్చుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మా నాన్న టింబర్ డిపోలో హమాలీ. లారీల మీంచి దుంగలు దించడం, వాటిని రంపం మిషను దగ్గరకు దొర్లించడం, కోసిన చెక్కను దొంతర పేర్చడం ఆయన పని. నా ట్రంకు పెట్టె, నా పరీక్ష ఫీజులు, ఇంటర్‌లో కొన్న రికార్డు పుస్తకాలు అన్నీ ఆ దుంగల మీంచి వచ్చినవే. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. కాబట్టి "చెట్టు నరికేవాడు రాక్షసుడు" అని వక్తృత్వపు పోటీల్లో మాట్లాడినంత తేలిగ్గా నేను మాట్లాడలేను.

ఆ డిపోలో "మలేషియా సాల్" అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. ద్వారబంధాలకు అందరూ అడిగే కలప అది. సాల్ అంటే హిందీలో సంవత్సరం కదా, మలేషియా వాళ్ళకు వేరే సంవత్సరం ఉందేమో అనుకునేదాన్ని! ఎం.ఎస్సీ. బోటనీలో చేరాక, సెమినార్ కోసం వర్షారణ్యాల గురించి చదువుతుంటే ఆ పేరు వెనక ఉన్న చెట్లు ఎదురయ్యాయి. మలేషియా సాల్ అన్నది వ్యాపారం పెట్టిన పేరు. ఆ పేరు కింద రకరకాల కలప వస్తుంది. వాటిలో ముఖ్యమైనవి డిప్టెరోకార్ప్ అనే కుటుంబానికి చెందినవి. ఆ మాటకు రెండు రెక్కల కాయ అని అర్థం. ఈ కుటుంబం మనకు పరాయిది కాదు. మన గుగ్గిలం చెట్టు, మన కొండల్లోని జాలారి, ధ్వజస్తంభాలకు వాడిన శేషాచలం అడవుల తంబ జాలారి అన్నీ ఆ కుటుంబానివే. మన గుగ్గిలానికి అవి దాయాదులన్నమాట.

ఆ దాయాదుల సొంత ఊరు బోర్నియో ద్వీపం. ఆ ద్వీపంలో మలేషియాకు చెందిన సబా రాష్ట్రం ఉంది. అక్కడ డానమ్ లోయలో 438 చదరపు కిలోమీటర్ల అడవిని గొడ్డలి తగలకుండా కాపాడుతూ వచ్చారు. ఆ లోయలోనే ఒక పసుపు మెరాంటి చెట్టు 100.8 మీటర్ల ఎత్తు ఉన్నట్టు 2019లో ప్రకటించారు. చార్మినార్‌కు దాదాపు రెట్టింపు ఎత్తు! కానీ ఆ లోయ చుట్టూ ఉన్న అడవిలో కలప కోసం చెట్లు కొట్టారు. కొట్టిన అడవి, కొట్టని అడవి పక్కపక్కనే ఉండటంతో, కొట్టినది ఎలా కోలుకుంటోందో పోల్చి చూసే వీలు కలిగింది. 1980ల మధ్య నుంచి శాస్త్రవేత్తలు ఆ పని చేస్తూనే ఉన్నారు. ఆ చెల్లి ప్రశ్నకు జవాబు దొరికే చోటు ప్రపంచంలో ఎక్కడైనా ఉందంటే అది డానమ్ అనే చెప్పాలి.

అక్కడ జరిగింది అడవిని మొత్తం చదును చేయడం కాదు. దాన్ని ఎంపిక నరుకుడు అంటారు. అమ్ముడుపోయే జాతుల్లో, మన ఛాతీ ఎత్తు దగ్గర 60 సెంటీమీటర్ల కంటే ఎక్కువ అడ్డుకొలత ఉన్న మాన్లను మాత్రమే ఏరి కొడతారు. మిగతావి వదిలేస్తారు. చిన్నవి పెరిగి పెద్దవవుతాయి, కొన్ని దశాబ్దాల తర్వాత మళ్ళీ వచ్చి కొట్టుకోవచ్చు అన్నది లెక్క. బ్యాంకులో అసలు ముట్టుకోకుండా వడ్డీ తినడం లాంటిది. కాగితం మీద ఇంత చక్కని పద్ధతి ఇంకొకటి లేదనిపిస్తుంది.

కానీ మాను పడేటప్పుడు ఒక్కటే పడదు. వర్షారణ్యంలో చెట్ల తలలన్నిటినీ లావుపాటి తీగలు కట్టిపడేసి ఉంటాయి. ఒక పెద్ద చెట్టు కూలితే పక్కవాటిని లాక్కుని కూలుతుంది. ఆ తర్వాత దుంగను బయటకు లాగడానికి బుల్డోజర్ వస్తుంది. అది నడిచిన దారిలో మొలకలు నలుగుతాయి, నేల రోడ్డులా గట్టిపడుతుంది. సబాలో హెక్టారుకు, అంటే రెండున్నర ఎకరాలకు, పది వరకూ, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే పెద్ద చెట్లు కొట్టారు. 1990లలో అక్కడ రెండు పద్ధతుల్ని పోల్చి చూశారు. మొదటిది ఎప్పుడూ చేసే మొరటు పద్ధతి. రెండోదాంట్లో నెలల ముందే తీగలు కోసి ఉంచారు, బుల్డోజర్ నడిచే దారులు ముందే గీశారు, చెట్టు ఏ వైపు పడాలో చూసుకుని కొట్టారు. ఏడాది తర్వాత తూచి చూస్తే, మొరటు పద్ధతిలో కొట్టిన అడవిలో మొదట ఉన్న చెట్ల బరువులో 44 శాతమే మిగిలింది. జాగ్రత్తగా కొట్టిన చోట 67 శాతం మిగిలింది. రెండు చోట్లా పని ఒకటే, కలప తీయడమే. తేడా అంతా పని చేసిన తీరులో ఉంది.

మిగిలిన అడవి ఎలా కోలుకుంటుంది? ఆ చెల్లికి అర్థమయ్యేలా చెప్పాలంటే మన మెస్సులో భోజనం లైనును గుర్తు తెచ్చుకోవాలి. పెద్ద చెట్ల నీడలో డిప్టెరోకార్ప్ మొలకలు లైనులో నిలబడి ఉంటాయి. వెలుతురు చాలక ఏళ్ళ తరబడి మోకాలెత్తులోనే ఉంటాయి, చావవు, పెరగవు. పైన ఒక చెట్టు పడి వెలుతురు దిగిందంటే వాటి వంతు వస్తుంది. అందుకే నరికిన అడవికి మొదటి ఆస్తి నేల మీద అప్పటికే ఉన్న ఈ మొలకలు. బుల్డోజర్ వీటి మీంచి పోయిందంటే లైను మొత్తం చెదిరిపోయినట్టే.

అప్పుడు లైనులో లేనివాళ్ళు ముందుకు దూరతారు. మకరంగా లాంటి చెట్లు అలాంటివే. వీటి గింజలు చిన్నవి, పక్షులు మోసుకొస్తాయి, మట్టిలో ఓపిగ్గా పడి ఉంటాయి. ఎండ తగలగానే లేచి చకచకా పెరుగుతాయి. ఐదారేళ్ళు తిరిగేసరికి నరికిన చోటంతా పచ్చగా కనబడుతుంది. వీటితోపాటు తీగలు కూడా అల్లుకుని మిగిలిన మొలకల్ని తొక్కేస్తాయి. దూరం నుంచి చూసేవాళ్ళకు అది అడవే. విమానంలోంచి చూసినా అడవే. కానీ అక్కడ కొట్టిన చెట్టు ఒకటి, మొలిచిన చెట్టు మరొకటి.

మరి కొట్టిన చెట్టే మళ్ళీ రావాలంటే? తల్లి చెట్టు కావాలి. ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన వేపచెట్టులాగా డిప్టెరోకార్ప్ చెట్లు ఏటేటా కాయవు. రెండేళ్ళకో, ఐదేళ్ళకో, ఒక్కోసారి పదేళ్ళకో, చాలాసార్లు ఎల్‌నినో కరువు వచ్చిన ఏడాది, అడవి అడవంతా కూడబలుక్కున్నట్టు ఒకేసారి కాస్తాయి. కాయలకు రెక్కలున్నా చాలావరకు తల్లి చుట్టుపక్కలే పడతాయి. వాటి గింజలు మన వడ్లలాగా దాచుకుంటే ఉండేవి కావు. కొద్ది రోజుల్లోనే మొలకెత్తాలి, లేకపోతే చచ్చిపోవాలి. కాబట్టి ఒక చోట ఒక జాతి తల్లి చెట్లన్నిటినీ కొట్టేశామంటే, మట్టిలో దాచిన గింజలు ఆదుకుంటాయన్న ఆశ లేదు. దూరం నుంచి ఎగిరి వస్తాయన్న ఆశ కూడా తక్కువే.

అందరూ ఒకేసారి కాయడం వెనక ఒక తెలివి ఉంది. అడవి పందులు, చిలుకలు, ఎలుకలు ఎంత తిన్నా తరగనన్ని గింజలు ఒకేసారి రాలితే కొన్నైనా మిగిలి మొలుస్తాయి. మరి చుట్టూ ఉన్న చెట్లు కొట్టేసి, కాసే చెట్లు కొద్ది చోట్లే మిగిలితే? ఇండోనేషియా వైపు బోర్నియోలో గునుంగ్ పలుంగ్ అనే జాతీయ వనం ఉంది. అక్కడ 1998లో పెద్ద కాపు వచ్చింది. కానీ చుట్టుపక్కల అడవులు అప్పటికే దెబ్బ తిని ఉండటంతో, గింజలు తినే జంతువులన్నీ ఆ వనంలోకే చేరాయి. దాదాపు గింజ మిగల్చలేదు. 1999లో ఈ సంగతి ప్రచురించారు. చూశారా, గొడ్డలి తగలని అడవి కూడా పక్క అడవి నష్టంలో వాటా మోయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎన్నేళ్ళు పడుతుందన్న లెక్కకు వద్దాం. డానమ్ పక్కన 1980లలో కొట్టిన అడవిలో కొంత భాగాన్ని దాని మానాన వదిలేశారు. ఇంకొంత భాగంలో 1990ల నుంచి డిప్టెరోకార్ప్ మొక్కలు నాటి, తీగలు కోసి సంరక్షించారు. రెంటినీ కొలిచి 2020లో ఫలితాలు ప్రకటించారు. వదిలేసిన అడవి ఏడాదికి హెక్టారుకు 2.9 టన్నుల కార్బన్‌ను తన కాండాల్లో, కొమ్మల్లో కూడబెట్టుకుంది. సంరక్షించిన అడవి 4.4 టన్నులు కూడబెట్టుకుంది. ఆ లెక్కన నరకని అడవి స్థాయికి చేరడానికి మొదటిదానికి సుమారు 60 ఏళ్ళు, రెండోదానికి సుమారు 40 ఏళ్ళు కావాలి. మనిషి చెయ్యి వేస్తే ఇరవై ఏళ్ళు కలిసొస్తాయన్నమాట. ఇది శుభవార్తే.

ఇంకో ఖండంలో కూడా ఇదే కథ కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవిలో పది చోట్ల కొలతలు తీసి 2015లో ఒక లెక్క చెప్పారు. నరుకుడు వల్ల పదో వంతు పోతే అడవి 12 ఏళ్ళలో దాన్ని పూడ్చుకుంటుంది. నాలుగో వంతు పోతే 43 ఏళ్ళు పడుతుంది. సగం పోతే 75 ఏళ్ళు. జాగ్రత్త పద్ధతికీ మొరటు పద్ధతికీ మధ్య తేడా ఎంత పెద్దదో ఈ అంకెల్ని చూస్తే తెలుస్తుంది. ఎంత తీశామన్నదాన్ని బట్టే ఎన్నాళ్ళకు తిరిగి వస్తుందన్నది ఉంటుంది.

అయితే చెల్లెళ్ళూ, ఇవి కార్బన్ లెక్కలు. అంటే అడవి బరువు లెక్కలు. బరువు తిరిగి వచ్చినంత మాత్రాన జాతులు తిరిగి వచ్చినట్టు కాదు. డానమ్ ప్రాంతంలో 2019లో సామూహిక కాపు వచ్చినప్పుడు ఐదు వేలకు పైగా మొలకల్ని గుర్తు పెట్టుకుని సుమారు ఏడాదిన్నర పాటు చూశారు. 2024లో ఆ ఫలితాలు వచ్చాయి. మొదట్లో, సంరక్షించిన అడవిలో కూడా నరకని అడవిలో ఉన్నన్ని మొలకలు కనిపించాయి. వదిలేసిన అడవిలో అన్ని లేవు. కానీ రోజులు గడిచేకొద్దీ, నరికిన అడవుల్లో మొలకలు ఎక్కువగా చనిపోయాయి. బతికి బట్టకట్టినవి నరకని అడవిలోనే ఎక్కువ. అంటే పైన తోపు గుబురుగా, ఏపుగా ఉన్నా కింద రేపటి తరం పలచబడుతోంది. ఊళ్ళో ముసలీ ముతకా ఉండి బడిలో పిల్లలు లేకపోతే ఆ ఊరికి ఏం భవిష్యత్తు ఉంటుంది? అడవికైనా అంతే.

మొక్కలు నాటడం మీద మనకున్న నమ్మకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆసియా ఉష్ణమండల అడవుల్లో 176 చోట్ల జరిగిన పునరుద్ధరణ పనుల లెక్కలు కలిపి చూస్తే, నాటిన మొక్కల్లో సగటున 18 శాతం మొదటి ఏడాదిలోనే చనిపోయాయి. ఐదేళ్ళు తిరిగేసరికి 44 శాతం పోయాయి. శాస్త్రం తెలిసినవాళ్ళు, డబ్బు ఉన్నవాళ్ళు నాటితేనే ఇలా ఉంది. అంటే నాటడం వృథా అని కాదు. నాటిన రోజు పని మొదలైందని మాత్రమే లెక్క. మన కొళాయి పక్క గొయ్యి నాకు నేర్పిన పాఠమూ ఇదే.

ఇదంతా చదివాక, "అయితే నరికిన అడవి చెడిపోయింది, ఇక పనికిరాదు" అని మీకు అనిపించవచ్చు. ఆ మాట అనొద్దనే నా మనవి. నా దృష్టిలో అది మొదటి తప్పుకన్నా పెద్ద తప్పు. డానమ్ పక్కనే ఒక అడవిని 1987-91 మధ్య ఒకసారి, 2001-07 మధ్య రెండోసారి కొట్టారు. ఇరవై ఏళ్ళు కూడా ఆగలేదు. అంత దెబ్బ తిన్న అడవిలో కూడా, నరకని అడవిలో ఉండే పక్షి జాతుల్లో, పేడ పురుగుల జాతుల్లో 75 శాతానికి పైగా ఉన్నట్టు 2011లో తేల్చారు. ప్రపంచమంతటా జరిగిన పరిశీలనల్ని కలిపి 2012లో ఒక సమీక్ష వచ్చింది. ఒక్కసారి ఎంపిక నరుకుడు జరిగిన ఉష్ణమండల అడవుల్లో 85 నుంచి 100 శాతం జాతులు నిలిచి ఉన్నాయని, కార్బన్‌లో 76 శాతం మిగిలి ఉందని అందులో చెప్పారు.

మరి ఇలాంటి అడవికి ఏం గతి పడుతుంది? కాగితం మీద "క్షీణించిన అడవి" అని ఒక మాట రాస్తారు. ఆ మాట పడ్డాక దాన్ని చదును చేసి పామాయిల్ తోట వేయడం సులభం అవుతుంది. "ఎలాగూ చెడిపోయిందే కదా" అంటారు. బోర్నియోలో ఎన్నో అడవులు ఇలాగే తోటలయ్యాయి. ఎంపిక నరుకుడు నుంచి అడవి కోలుకోగలదు. వరసలు వరసలుగా ఒకే జాతి వేసిన తోటలోంచి ఆ డిప్టెరోకార్ప్‌లు తిరిగి రావు. వాటికి తల్లి లేదు, మొలకల లైను లేదు, నీడ లేదు.

ముద్ర వేయడం ఎంత పని చేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. "హాస్టల్ పిల్లలా, వాళ్ళకేం వస్తుందిలే" అన్న మాట నేను ఇంటర్‌లో చేరిన మొదటి వారంలోనే విన్నాను. ఆ మాట అన్నవాళ్ళు నా మార్కులు చూడలేదు. నా వెనక ఎంతమంది అమ్మలు, నాన్నలు, అక్కలు నిలబడి ఉన్నారో చూడలేదు. పోయినదాన్ని మాత్రమే చూసి, ఉన్నదాన్ని చూడకుండా తీర్పు చెప్పేశారు. నరికిన అడవి మీద "పనికిరాదు" అన్న ముద్ర పడినప్పుడల్లా నాకు ఆ తరగతి గది గుర్తొస్తుంది.

ఇక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎంపిక నరుకుడు జరగాల్సిన చోట ఎన్ని చెట్లు కొట్టారని అడగడం చాలదు. ఏమి మిగిల్చారని అడగాలి. ప్రతి జాతిలోనూ కాసే తల్లి చెట్లు ఎన్ని మిగిలాయి? నేల మీద మొలకలు ఎన్ని మిగిలాయి? తీగలు ముందే కోశారా? బుల్డోజర్‌కు దారి గీశారా? మళ్ళీ ఆ అడవిలోకి అడుగు పెట్టడానికి ఎన్నేళ్ళు ఆగుతారు? ఈ ప్రశ్నలకు జవాబు లేని చోట రంపం ఆడకూడదు. ఎప్పుడూ గొడ్డలి తగలని అడవి జోలికి మాత్రం పోనే కూడదు. ఎందుకంటే పక్క అడవులకు గింజ పెట్టే గాదె అదే. ఒకసారి నరికిన అడవిని అడవిగానే లెక్క రాసి, దానికి కోలుకునే వ్యవధి ఇవ్వాలి. నాటడం అవసరమైన చోట నాటాలి, ఐదేళ్ళ తర్వాత వచ్చి లెక్క పెట్టాలి.

"నువ్వు చెప్పేదంతా బాగానే ఉంది, మరి కలప కొట్టకపోతే మీ నాన్నకు కూలి ఎలా?" అని నా స్నేహితురాలు ఒకతె సెమినార్ అయ్యాక అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దీన్ని ఎగతాళిగా కొట్టిపారేసే హక్కు నాకు లేదు. ఎందుకంటే ఆ కూలి అన్నమే నేను తిన్నాను. ఆ 2012 సమీక్షలోనే దీనికీ జవాబు ఉంది. మొదటిసారి కొట్టినప్పుడు వచ్చిన కలప రెండోసారి రాదు. సుమారు 46 శాతం తగ్గుతుంది. మొదటి కోతలో వందల ఏళ్ళ వృద్ధ వృక్షాలు వస్తాయి, వాటికి వడ్డీ కట్టేంత కాలం ఎవరూ ఆగరు. అంటే ఇప్పటి లాభం మొదట కొట్టినవాడికి పోతే, రేపటి నష్టం రేపటి హమాలీకి మిగులుతుంది. అడవి ఖాళీ అయినప్పుడు వ్యాపారి ఇంకో సరుకు అమ్ముకుంటాడు. కూలివాడు ఇంకో భుజం తెచ్చుకోలేడు కదా!

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతులన్నీ నాన్నకు చెప్పాను. ఆయన బీడీ ఆర్పేసి, చివరిదాకా విన్నాడు. "మునుపు ఒక దుంగ దించాలంటే ఆరుగురం పట్టేవాళ్ళం తల్లీ. ఇప్పుడు నలుగురం చాలుతున్నాం. నేనేమో నాకు పని అలవాటై తేలికైందనుకున్నా" అన్నాడు. ఒక డిపోలో ఒక మనిషి చెప్పిన మాటను శాస్త్రం అనను. కానీ అంకెల్లో నేను చదివినదాన్ని ఆయన భుజం ముందే తూచిందేమో అనిపించింది. కాసేపాగి, "కొట్టొద్దని చెప్పకు, మా కడుపులు కొట్టినట్టుంటది. సూసి కొట్టమని చెప్పు" అన్నాడు. నా సెమినార్ పేపరు ముప్ఫై పేజీలు. అందులో చివరికి తేల్చింది కూడా ఇదే.

కాబట్టి ఏడో తరగతి చెల్లీ, నీ ప్రశ్నకు నా జవాబు సవరించుకుంటున్నాను. అడవిలో పెద్ద చెట్లు కొట్టేస్తే ఏదో ఒకటి తప్పకుండా మొలుస్తుంది. అవే మొలవాలంటే మాత్రం మూడు కావాలి. తల్లి చెట్టు మిగలాలి, నేల మీద మొలక మిగలాలి, మనిషికి ఓపిక మిగలాలి. మొదటి రెండూ అడవి ఇస్తుంది. మూడోది మనం ఇవ్వాలి. పచ్చదనం ఐదేళ్ళలో వస్తుంది, బరువు నలభై అరవై ఏళ్ళలో వస్తుంది, కొట్టిన జాతి మళ్ళీ తన పిల్లల్ని తను పెంచుకునే రోజు రావడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ రోజు చూడటానికి నువ్వూ ఉండవు, నేనూ ఉండను. అయినా చేయాల్సిన పని అది.

అంత దూరం పోలేకపోయినా మన గొయ్యి మన ముందే ఉంది. ఈ ఏడాది వార్షికోత్సవానికి కొత్త మొక్క నాటొద్దని వార్డెన్ మేడమ్‌కు నా చిన్న విన్నపం. పోయినేడు నేను నాటిన కానుగ మొక్క బతికి ఉంటే దానికి ఒక కంచె కట్టిద్దాం. వేసవి సెలవుల్లో నీళ్ళు పోసే బాధ్యతను హాస్టల్ దగ్గర ఊళ్ళ చెల్లెళ్ళు వారానికొకరు తీసుకోండి. కంచెకయ్యే ఖర్చు నేను, నా బ్యాచ్ అక్కలు పెట్టుకుంటాం. బతికి లేకపోతే ఎందుకు చచ్చిపోయిందో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, ఆ తర్వాతే ఇంకో మొక్క నాటుదాం. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ వస్తాను. అప్పటికి ఆ ఏడో తరగతి చెల్లి ఇంటర్ పూర్తి చేసి ఉంటుంది. ఇద్దరం కలిసి ఆ చెట్టు నీడలో నిలబడి లెక్క చూసుకుంటాం.

అందాకా సెలవు.

— ఒక పూర్వ విద్యార్థిని,
ఎం.ఎస్సీ. (బోటనీ) రెండవ సంవత్సరం